పూల బుట్ట ముందు గంటన్నర: వీధి దృశ్యంలో వెలుగునూ లోతునూ పట్టే పద్ధతి

తిరుపతిలో గోవిందరాజస్వామి గుడి వీధుల్లో నీలం టార్పాలిన్ పట్టా కింద కూర్చుని మల్లెపూలు మూర వేసి అమ్మే ఒక పెద్దావిడ బొమ్మ వేయాలని మీరు సంకల్పించారనుకుందాం. పోలిక కుదురుతుంది, బుట్ట బుట్టలాగే వస్తుంది, వెనక రాజగోపురం అంతస్తులు ఏడూ లెక్క తప్పకుండా పడతాయి. అయినా ఇంటికి తెచ్చి గోడకు ఆనించి చూసుకుంటే ఆవిడ వీధిలో కూర్చున్నట్టు ఉండదు. వేరే కాగితం మీద వేసిన బొమ్మను కత్తిరించి వీధి మీద అంటించినట్టు ఉంటుంది. నా దగ్గర డ్రాయింగు నేర్చుకునే పిల్లలకూ పెద్దలకూ ఎక్కువగా ఎదురయ్యే చిక్కు ఇదే. ఇంకా చేయి తిరగలేదని వాళ్ళు సర్దిచెప్పుకుంటారు గాని, నేను చూసినంతలో కారణం వేరు. చూసే కన్ను నేల నుంచి ఎంత ఎత్తులో ఉంది, వెలుగు ఏ దిక్కు నుంచి ఏ వేళ పడుతోంది అనే రెండు సంగతులను పెన్సిల్ కాగితం మీద పెట్టకముందే తేల్చుకోకపోతే, ఆ తరువాత ఎంత శ్రద్ధగా గీసినా బొమ్మలోని వస్తువులు ఒకదానికొకటి పొసగవు.

ఆ పూల అంగడినే ఆసాంతం ఎదురుగా పెట్టుకుని, ఒక ఉదయం గంటన్నరలో పూర్తి చేయదగిన నీటిరంగుల బొమ్మను అడుగడుగునా ఎలా కట్టుకుంటూ పోవాలో ఇక్కడ వివరిస్తాను. సరంజామా పెద్దగా అవసరం లేదు. ఏ4 పరిమాణంలో 300 జీఎస్ఎమ్ అనే మందపాటి కాగితం, మామూలు హెచ్‌బీ పెన్సిల్, మెత్తగా నల్లగా రాసే 4బీ పెన్సిల్, ఒక పెద్ద గుండ్రటి కుంచె, ఒక సన్న కుంచె, అల్ట్రామెరైన్ బ్లూ (ముదురు నీలం), బర్న్ట్ సియెనా (ఎర్రటి గోధుమ), ఎల్లో ఆకర్ (మట్టి పసుపు), క్రిమ్సన్ (ముదురు ఎరుపు), లెమన్ ఎల్లో (నిమ్మపసుపు) రంగులు, మడతపెట్టే చిన్న స్టూలు, సగం నీళ్ళున్న పారదర్శకమైన సీసా ఉంటే చాలు. సీసా కుంచెలు కడగడానికే కాదు, మరో పనికి కూడా వస్తుంది.

మొదటి అడుగు: కూర్చునే చోటూ, కంటి మట్టమూ

కంటి మట్టం అంటే మీ కన్ను ఉన్న ఎత్తులో లోకమంతటా పరుచుకున్నట్టు ఊహించుకోవలసిన ఒక సమతలం. కాగితం మీద అది ఒక అడ్డగీత అవుతుంది. సముద్రం ఒడ్డున నిలబడితే నీరూ ఆకాశమూ కలిసే గీతే ఆ మట్టం గనుక అక్కడ దాన్ని వెతకనవసరం లేదు. తిరుపతి వీధిలో మాత్రం అంగళ్ళూ బస్సులూ కొండలూ దాన్ని కప్పేస్తాయి. అప్పుడు నీళ్ళ సీసాను కంటి ముందుకు ఎత్తి, మెల్లగా పైకీ కిందకీ జరపండి. నీటి పైభాగం కోడిగుడ్డు ఆకారంలో కనిపిస్తున్నంతసేపూ మీరు దాన్ని పైనుంచో కిందనుంచో చూస్తున్నట్టు. అది సన్నని ఒకే గీతగా మారిన క్షణంలో, ఆ గీత వెనక ఏ అంగడి బోర్డు, ఏ మనిషి శరీరంలో ఏ భాగం ఉందో గుర్తుపెట్టుకోండి. మీ కంటి మట్టం అదే. తాపీమేస్త్రీ పైపులో నీళ్ళు పోసి గోడకు మట్టం చూసుకునే పద్ధతికి ఇది చిన్న తమ్ముడు.

ఈ గీతను కాగితం మీద లేతగా గీసుకున్నాక దాని వల్ల కలిగే లాభం వెంటనే తెలుస్తుంది. సమంగా ఉన్న నేల మీద మీరు నిలబడి చూస్తుంటే, మీ ఎత్తే ఉన్న మనుషులందరి కళ్ళూ, వాళ్ళు రెండు గజాల దూరంలో ఉన్నా వీధి చివర ఉన్నా, ఆ గీత మీదే పడతాయి. దూరం పెరిగేకొద్దీ మారేది పాదాలు ఎక్కడ పడతాయన్నదే. స్టూలు మీద కూర్చుంటే మీ కన్ను నేలకు సుమారు 110 సెంటీమీటర్ల ఎత్తులో ఉంటుంది కాబట్టి, నిలబడి పూలు కొనేవాళ్ళందరినీ ఆ గీత ఛాతీ కిందుగా కోస్తుంది, దగ్గరివాళ్ళనైనా దూరపువాళ్ళనైనా. గుంపును గీయడానికి భయపడేవాళ్ళకు ఈ ఒక్క సూత్రం తెలిస్తే సగం భయం పోతుంది.

నిలబడి గీయాలా, కూర్చుని గీయాలా అన్నది సౌకర్యానికి సంబంధించిన ప్రశ్న అనుకుంటారు గాని, బొమ్మ స్వభావం మొత్తం ఇక్కడే తేలిపోతుంది. నిలబడితే ఆవిడ నడినెత్తి, పాపిడి, ముందున్న బుట్టల నోళ్ళు బాగా విచ్చుకుని కనిపిస్తాయి. మీరు కొనడానికి వచ్చి వంగి బేరమాడుతున్న మనిషి అవుతారు. స్టూలు మీద కూర్చుంటే గీత ఆవిడ తలకు కాస్త పైగా పోతుంది, ముఖం ఎదురుగా వస్తుంది, బుట్టల నోళ్ళు బాదం ఆకారంలోకి సన్నబడతాయి. నాకు రెండోదే ఇష్టం. అయితే ఏది ఎంచుకున్నా, గుండ్రటి వస్తువుల విషయంలో ఒకటి మరవకూడదు: కంటి మట్టానికి దగ్గరగా ఉన్న పళ్ళెం సన్నగా, దానికి ఎంత కిందికి పోతే అంత వెడల్పుగా విచ్చుకుంటుంది. బల్ల మీది కొబ్బరికాయల పళ్ళెమూ నేల మీది పూల బుట్టా ఒకే లావు బాదం ఆకారంలో ఉంటే, వాటిలో ఒకటి చూసి గీసింది కాదని చెప్పవచ్చు.

దూరం కూడా ఇప్పుడే నిర్ణయించుకోవాలి. మీరు గీయదలచిన దృశ్యం మూడు మీటర్ల వెడల్పు ఉంటే కనీసం నాలుగైదు మీటర్లు వెనక్కి జరగాలి; మరీ దగ్గర కూర్చుంటే అంచుల్లోని వస్తువులు సాగిపోతాయి. ఫోనుతో ఫొటో తీసుకుని ఇంటి దగ్గర గీసేవాళ్ళను పట్టి పీడించే దోషం ఇదే. ఫోన్లలోని మామూలు కెమెరా అడ్డంగా సుమారు 70 డిగ్రీల మేర చూస్తుంది, మన కన్ను స్థిమితంగా చూసే మేర అంతకన్నా బాగా తక్కువ. ఫొటో తప్పనిసరి అయితే వెనక్కి జరిగి రెండింతలు జూమ్ పెట్టి తీయండి.

రెండో అడుగు: పొద్దు ఎక్కడుందో కాగితం మూల రాసుకోవడం

తిరుపతి భూమధ్యరేఖకు ఉత్తరంగా సుమారు 13.6 డిగ్రీల అక్షాంశం మీద ఉంది. ఈ అంకె చిత్రకారుడికెందుకు అనిపించవచ్చు. ఏప్రిల్ చివరి వారంలోనూ, మళ్ళీ ఆగస్టు మూడో వారంలోనూ ఇక్కడ మిట్టమధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా నడినెత్తికి వస్తాడు. గడియారం ప్రకారం అది పన్నెండుంపావు ప్రాంతం. ఆ వేళ మనిషి నీడ పాదాల కిందే ముడుచుకుంటుంది, కనుబొమల కింద కళ్ళు నల్లటి గుంటలవుతాయి, గోడలు ఏ పక్క చూసినా ఒకే రకంగా ఉంటాయి. ఆ రెండు తేదీల మధ్య నెలల్లో మధ్యాహ్నపు సూర్యుడు మనకు ఉత్తరానికి వెళ్తాడు గనుక నీడలు దక్షిణానికి పడతాయి. పాశ్చాత్య చిత్రలేఖన పాఠాలు చదివి ఉత్తరపు కిటికీలోంచి ఎన్నడూ ఎండ రాదని నమ్మినవాళ్ళు జూన్‌లో ఇక్కడ తెల్లబోతారు. డిసెంబరులో మధ్యాహ్నం కూడా సూర్యుడు 55 డిగ్రీలకు మించి ఎక్కడు. రోజంతా నీడలు ఉంటాయి. కాబట్టి నా సలహా, వీధి దృశ్యాలకు అక్టోబరు నుంచి మార్చి దాకా, ఉదయం తొమ్మిదిన్నరలోపు లేదా సాయంత్రం నాలుగు తరువాత.

చోటు కుదిరాక కాగితం మూల గంట, తేదీ రాసి, వెలుగు వచ్చే వైపుకు ఒక బాణం గుర్తు వేయండి. ఇది పిల్లచేష్టలా కనిపిస్తుంది. నేనూ ఒకప్పుడు అలాగే అనుకుని మానేశాను. ఒక మార్చి ఉదయం ఎనిమిదీ పావుకు మొదలుపెట్టి, రోడ్డు మీది నీడలు ఎడమవైపు అంగళ్ళవి అప్పుడూ, కుడివైపువి పదిన్నర దాటాక వేశాను. పక్కన కొబ్బరికాయలు కొట్టే అతను నా భుజం మీదుగా తొంగిచూసి, “ఏం సార్, మీ బొమ్మలో పొద్దు రెండుసార్లు పొడిచినట్టుందే?” అన్నాడు. నా బొమ్మల మీద అంతకన్నా సూటి విమర్శ నేను మళ్ళీ వినలేదు. లెక్క వేసి చూస్తే అతను అన్నది అక్షరాలా నిజం: మార్చి మూడో వారంలో ఇక్కడ ఎనిమిదీ పావుకు వస్తువు ఎత్తుకు దాదాపు రెండింతలుండే నీడ, తొమ్మిదీ పావుకల్లా ఆ ఎత్తుకు సమానమైపోతుంది. గంటలో సగం కరిగిపోయే వస్తువును నిదానంగా గీయడం కుదరదు.

అందుకే మొదటి ఐదు నిమిషాల్లో నీడల సరిహద్దులన్నింటినీ, వస్తువుల వివరాలు ఏవీ లేకుండా, హెచ్‌బీ పెన్సిల్‌తో గుర్తించి పెట్టుకోవాలి. రోడ్డు మీద అంగళ్ళ నీడ ఎక్కడ ఆగింది, పట్టా నీడ గోడను ఏ ఎత్తులో కోసింది, పట్టా అంచు కిందుగా దూరి వచ్చే ఎండ పట్టీ ఏ బుట్ట మీద పడింది. ఈ చివరిది మరీ తొందరపెడుతుంది. పట్టా అంచు మనిషెత్తులో ఉండి పొద్దు అంగడికి ఎదురుగా ఉంటే, ఉదయపు వేళ ఆ పట్టీ గంటలో మీటరుకు పైగా వీధివైపు జరిగిపోతుంది. ఒకసారి గుర్తు వేశాక, కళ్ళెదుట అది ఎక్కడికి పోయినా కాగితం మీద దాన్ని కదిలించకూడదు.

మూడో అడుగు: వీధిని లోపలికి నడిపించడం

మీకు దూరంగా పోయే సమాంతర రేఖలన్నీ, అంటే ఫుట్‌పాత్ అంచు, అంగళ్ళ చూరులు, బోర్డుల పైఅంచులు, కరెంటు తీగలు, కంటి మట్టం మీద ఒకే చుక్కలో కలుస్తున్నట్టు కనిపిస్తాయి. డ్రాయింగ్ తరగతుల్లో దీన్ని వ్యానిషింగ్ పాయింట్ అంటారు. మట్టానికి పైనున్న గీతలు దాని వైపు దిగుతాయి, కిందున్నవి దాని వైపు ఎక్కుతాయి. ఇటలీలో ఆల్బెర్టి అనే వాస్తుశిల్పి 1435లో ఈ లెక్కను గ్రంథంగా రాశాడు. అయితే లెక్క కన్నా నాకు పనిముట్టు మీద మక్కువ. 1632 నుంచి 1675 దాకా హాలండులోని డెల్ఫ్ట్ పట్టణంలో జీవించి, గదిలో పాలు వంపే పనిమనిషినీ ఉత్తరం చదివే స్త్రీనీ చిత్రించిన వెర్మీర్ కాన్వాసులను నిపుణులు పరీక్షించినప్పుడు, పదికి పైగా చిత్రాల్లో గీతలన్నీ కలిసే చోట సూది గుచ్చిన సన్నని రంధ్రం బయటపడింది. ఆ సూదికి దారం కట్టి, సుద్దపొడి పట్టించి, బిగించి లాగి వదిలితే కాన్వాసు మీద తిన్నని గీత పడుతుంది. మన వడ్రంగి దూలం కోయడానికి రంగు అద్దిన దారంతో గీత కొట్టేది సరిగ్గా ఇలాగే. మీరు కూడా కాగితాన్ని అట్ట మీద బిగించి, కలిసే చుక్క దగ్గర గుండుసూది గుచ్చి, దానికి కుట్టుదారం ముడివేసి, ఏ చూరు ఎటు వాలాలో దారం సాచి చూసుకోండి. చుక్క కాగితం బయటికి పోతే అట్ట మీదే గుచ్చవచ్చు.

పాత వీధులు స్కేలు పెట్టి గీసినట్టు ఉండవు. వీధి వంకర తిరిగిన ప్రతిచోటా ఆ ముక్కకు సొంత చుక్క ఉంటుంది, అయితే నేల సమంగా ఉన్నంతవరకు ఆ చుక్కలన్నీ అదే కంటి మట్టం మీద వరసగా ఉంటాయి. నేల ఎక్కితే చుక్క మట్టానికి పైకి పోతుంది, దిగితే కిందికి. అలిపిరి దగ్గర మెట్లదారి మొదట్లో నిలబడి చూస్తే ఇది చక్కగా తెలుస్తుంది: మెట్ల పక్క గోడల వాలు గీతలు మీ కంటి మట్టానికి బాగా పైన కలుస్తాయి, ఒక్కొక్క మెట్టు పక్కఅంచు మాత్రం కంటి మట్టానికే పోతుంది. ఈ రెండింటినీ ఒకే చుక్కకు లాగితే మెట్లు జారుడుబల్ల అవుతాయి.

వరుస స్తంభాలో, ఒకే వెడల్పు ఉన్న అంగడి షట్టర్లో దూరం పోయేకొద్దీ ఎంతెంత ఇరుకవుతాయో అంచనాతో వేయకండి. మొదటి షట్టర్‌ను నాలుగు గీతల్లో గీశాక, పై గీతా కింది గీతా చుక్క దాకా పొడిగించి, వాటి నడిమి ఎత్తులో ఒక గీతను కూడా అదే చుక్కకు లాగండి. మొదటి షట్టర్ పైమూల నుంచి దాని అవతలి నిలువు గీత నడిమి గుండా ఒక ఏటవాలు గీత పోనిస్తే, అది కింది గీతను తాకిన చోటే రెండో షట్టర్ అంతమవుతుంది. అక్కడి నుంచి మూడోదానికి మళ్ళీ ఇదే.

రాజగోపురం సంగతి వేరే. దాని శిఖరం చూడటానికి మెడ ఎత్తారంటే నిలువు గీతలు కూడా పైకి పోయేకొద్దీ దగ్గరవుతాయి, గోపురం సహజంగానే పైకి సన్నబడుతుంది గనుక ఆ రెండు సన్నదనాలూ కలిసి బొమ్మలో గోపురం వెనక్కి పడిపోతున్నట్టు వస్తుంది. పూల అంగడి మీ విషయం అయినప్పుడు గోపురాన్ని మూడో అంతస్తు దగ్గర కాగితం అంచుతో కోసేయడం మేలు. భక్తులకు ఇది నచ్చదు, ఒకరిద్దరు నాతో వాదించారు కూడా. శిఖరం కనిపించకపోయినా అది గోపురమేనని ఊళ్ళో అందరికీ తెలుసు.

ఈ లెక్కలన్నీ ఒక కన్ను, ఒక చోటు, ఒక క్షణం అనే ఒప్పందం మీద నిలిచినవి. ఆ ఒప్పందమే లేని గొప్ప చిత్రకళ మనకు పక్కనే శ్రీకాళహస్తిలో ఉంది. అక్కడి కలంకారీ గుడ్డ మీద రాముడు పెద్దగా ఉంటే అతను దగ్గర ఉన్నట్టు కాదు, ముఖ్యుడని అర్థం. నీడ ఎవరికీ ఉండదు, కథ అరలరలుగా నడుస్తుంది. ఈ లెక్కలను, అంటే దృక్కోణాన్ని (పర్‌స్పెక్టివ్), నేర్చుకున్న కొత్తలో కొందరు కలంకారీ ఇవేవీ తెలియని పాతకాలపు పద్ధతి అన్నట్టు మాట్లాడతారు. దాని ఒప్పందం వేరు, అంతే. మనం ఈ ఉదయం వేసేది మొదటి ఒప్పందంలోని బొమ్మ.

నాలుగో అడుగు: నీడలకూ దారి ఉంది

వెలుగు పక్క నుంచి వస్తుంటే నేల మీది నీడలు కాగితం మీద దాదాపు అడ్డంగా, సమాంతరంగా పడతాయి; కొత్తవాళ్ళకు సులువైన అమరిక ఇది. పొద్దు మీ ఎదురుగా ఉంటే, సూర్యుడి నుంచి కంటి మట్టం మీదికి నిలువుగా దించిన చుక్క నుంచి నీడలన్నీ మీ వైపు విసనకర్ర పుల్లల్లా విచ్చుకుంటాయి. వెనక ఉంటే ఎదుటి చుక్క వైపు మూసుకుంటాయి.

నీడ అంచు పదును కూడా గమనించండి. సూర్యుడు మనకు చుక్కలా కాక అర డిగ్రీ వెడల్పున్న పళ్ళెంలా కనిపిస్తాడు గనుక, నీడ వేసే వస్తువు దూరమయ్యేకొద్దీ అంచు మసకబారుతుంది. లెక్క ప్రకారం ప్రతి మీటరుకూ సుమారు ఒక సెంటీమీటరు. బుట్ట కింద నీడ కత్తితో కోసినట్టు ఉంటుంది. ఐదు మీటర్ల పైనున్న తీగ నీడ నేల మీద దాదాపు కనిపించకుండా పోతుంది. కరెంటు స్తంభం నీడ మొదట్లో పదునుగా, చివర మెత్తగా ఉంటుంది. కాబట్టి నీడ వేసేటప్పుడు వస్తువును తాకే చోట పొడి కాగితం మీద, దూరపు కొస దగ్గర తడి కాగితం మీద కుంచె పెట్టాలి.

ఐదో అడుగు: కళ్ళు చికిలించి మూడు భాగాలు చేయడం

అసలు కాగితం మీద రంగు పెట్టకముందు, ఒక మూల అగ్గిపెట్టె అంత దీర్ఘచతురస్రంలో ఈ దృశ్యాన్ని మూడే మూడు మోతాదుల్లో, అంటే తెలుపు, నడిమి బూడిద, నలుపు లెక్కన, 4బీ పెన్సిల్‌తో పూయండి. కళ్ళు చికిలించి చూస్తే వివరాలు కరిగి ముద్దలు మిగులుతాయి. ఎండ పడిన రోడ్డూ ఎదుటి గోడా ఒక తెల్లటి ముద్ద. పట్టా కింద ఉన్నదంతా, ఆవిడ, పూలు, బుట్టలు, వెనక గోడ, ఒక నడిమి ముద్ద. బల్ల కింది చీకటి, ఆవిడ జుట్టు, అంగడి లోపలి భాగం నలుపు.

ఇక్కడే అందరూ బోల్తాపడతారు. మల్లెపూలు తెల్లనివని తెలుసు కాబట్టి వాటిని తెల్లటి ముద్దలో వేస్తారు, సిమెంటు రోడ్డు బూడిద రంగుదని తెలుసు కాబట్టి దాన్ని నడిమి ముద్దలో వేస్తారు. నిజానికి పట్టా కింది మల్లెపూల కన్నా ఎండలోని సిమెంటు రోడ్డే ఎక్కువ వెలుగుతో ఉంటుంది. నమ్మకం కలగకపోతే, కాగితంలో బఠాణీ గింజంత రంధ్రం రెండు చోట్ల చేసి, ఒకదాంట్లోంచి పూలూ మరోదాంట్లోంచి రోడ్డూ కనిపించేలా పట్టుకుని చూడండి. వస్తువు పేరు మరుగున పడి రంగు ఒక్కటే మిగిలినప్పుడు కన్ను అబద్ధం చెప్పదు.

ఆరో అడుగు: నీలం పట్టా కింద మల్లెపూలు

ఎండ కాస్త పసుపు వైపు మొగ్గుతుంది. నీడలోకి వచ్చే వెలుగు ఎక్కువగా ఆకాశం నుంచి వస్తుంది గనుక నీలం వైపు మొగ్గుతుంది. సున్నం గోడ మీద నీడ వేయడానికి నల్లరంగులో నీళ్ళు కలిపితే గోడ మురికిపట్టినట్టు ఉంటుంది. అల్ట్రామెరైన్ ఎక్కువ, బర్న్ట్ సియెనా తక్కువ కలిపిన పలుచని పూత వేసి, అది తడిగా ఉండగానే నేల దగ్గరి భాగంలో కాస్త ఎల్లో ఆకర్ తాకించండి, ఎందుకంటే ఎండలోని నేల తన రంగును కిందనుంచి గోడ మీదికి తిప్పికొడుతుంది. గుడి ప్రహరీల మీది జాజు పట్టెలు కూడా నీడలోకి వచ్చేసరికి క్రిమ్సన్ వైపు, కాస్త ఊదా వైపు మళ్ళుతాయి.

పట్టా కింద ఈ వ్యవహారం రెట్టింపవుతుంది. ఎండ నీలం పట్టాను దాటి వస్తూ తనలోని ఎరుపునూ పసుపునూ చాలావరకు పోగొట్టుకుంటుంది. ఆ వెలుగులో మల్లెదండ లేత నీలంగా ఉంటుంది, మొగ్గల మధ్య సందుల్లో నీలి బూడిదగా. చామంతుల పసుపు కాస్త ఆకుపచ్చబారి మందగిస్తుంది. కనకాంబరాలు ఇటుక రంగుకు దిగుతాయి, ఆవిడ నుదుటి కుంకుమ దాదాపు నల్లబడుతుంది. మరువం ఒక్కటే పెద్దగా మారదు. నేను మొదటిసారి ఈ అంగడిని వేసినప్పుడు ప్రతి పువ్వుకూ దాని సొంత రంగు పోసి, చివరికి పట్టా తీసేసిన అంగడి బొమ్మను తయారుచేశాను. ఆ రోజు తప్పు ఏమిటో పట్టుకోవడానికి నాకు మూడు కాగితాలు పట్టాయి.

పని ఈ వరసలో చేయండి. ఎండ పట్టీ పడిన బుట్ట అంచునూ, పట్టాలోని చిల్లుల నుంచి దిగిన రెండు మూడు ఎండ చుక్కలనూ కాగితం తెలుపుగానే వదిలి, మిగతా పట్టా కింది ప్రాంతమంతటికీ, మనిషి, పూలు, గోడ అనే తేడా లేకుండా, పలుచని అల్ట్రామెరైన్ ఒకే పూతగా వేయండి. అది పూర్తిగా ఆరనివ్వండి. మన ఎండకు రెండు మూడు నిమిషాల్లో ఆరుతుంది, మే నెలలో అయితే కుంచె ఎత్తేలోపే. ఆరిన పూత తడిగా ఉన్నప్పటి కన్నా లేతగా కనిపిస్తుందని ముందే గుర్తుంచుకుని కాస్త చిక్కగా వేయాలి. ఆ నీలం మీద ఇప్పుడు చామంతులకు ఎల్లో ఆకర్, కనకాంబరాలకు బర్న్ట్ సియెనాలో చిటికెడు క్రిమ్సన్, మరువానికి లెమన్ ఎల్లో కలిపిన అల్ట్రామెరైన్, ఆవిడ చర్మానికి బర్న్ట్ సియెనా పలుచగా. అడుగున నీలం ఉంది గనుక అన్నీ ఒకే పట్టా కింద ఉన్నట్టు వాటంతటవే కలుస్తాయి. మల్లెలకు ఏమీ పూయనక్కరలేదు. అడుగు పూతే మల్లెల వెలుగువైపు. మొగ్గల మధ్య సందుల్లో సన్న కుంచెతో కాస్త చిక్కటి నీలి బూడిద చుక్కలు పెడితే దండ తయారవుతుంది. ప్రతి మొగ్గనూ లెక్కపెట్టి గీయకండి.

ఆవిడ గడ్డం కింద, ముంజేయి అడుగున, పూలు కట్టే వేళ్ళ కింది భాగంలో మాత్రం ఈ నీలానికి ఎదురుగా ఒక వెచ్చదనం కనిపిస్తుంది. పట్టా ముందున్న ఎండపడిన రోడ్డు నుంచి తిరిగి వచ్చే వెలుగు అది. అక్కడ ఎల్లో ఆకర్‌లో చుక్క బర్న్ట్ సియెనా కలిపి సన్నగా పెట్టండి. బొమ్మ మొత్తంలో ఆ వేలెడు చోటు ఆవిడను వీధికి కట్టి ఉంచుతుంది, ఎందుకంటే ఎదుటి రోడ్డు లేకపోతే ఆ రంగు అక్కడ ఉండే అవకాశమే లేదు.

వెనక కొండల గురించి రెండు మాటలు చాలు. శేషాచలం కొండలు ఊరికి ఉత్తరాన ఉన్నాయి గనుక చలికాలంలో దక్షిణపు ఎండ రోజంతా వాటి ముఖం మీదే ఉంటుంది, ఉదయం సాయంత్రం ఏటవాలు వెలుగులో బండల మడతలు తేటగా కనిపిస్తాయి. జూన్ మధ్యాహ్నం నిట్టనిలువు బండలు నీడలోకి పోతాయి. దూరం వల్ల గాలి పొర అడ్డుపడి చిక్కటి రంగులు లేతబడి నీలం వైపు మళ్ళుతాయి కాబట్టి, కొండల్లోని ముదురు నీడ కూడా మీ ముందున్న బుట్ట నీడ కన్నా లేతగానే ఉండాలి.

ఇంట్లో, సాయంత్రం

వీధిలో కూర్చోవడానికి సిగ్గుపడేవాళ్ళు వంటగదితో మొదలుపెట్టవచ్చు. చిత్తూరులో మా మేనత్త వంటింటికి పడమటి వైపు ఒకే కిటికీ. సాయంత్రం నాలుగింటికి సంగటి తపేలా దించి మూత తీసినప్పుడు లేచే ఆవిరి, కిటికీ వెలుగుకు పక్కగా ఉండి వెనక మసిబారిన గోడ ఉన్నంతమేరే కనిపిస్తుంది. అదే ఆవిరి పైకి లేచి తెల్లటి గోడ ముందుకు రాగానే మాయమవుతుంది. కాబట్టి ఆవిరి గీయడమంటే వెనక నలుపును గీస్తూ ఆవిరి ఉన్న చోట దాన్ని తడి కుంచెతో కరిగించడమే. స్టీలు తపేలాకు బూడిద రంగు పూయకండి. స్టీలుకు సొంత రంగు అంటూ లేదు. కిటికీ అందులో వంకర తిరిగిన తెల్లటి ముక్కగా, దాని పక్కనే ఎదుటి చీకటి నల్లటి పట్టీగా కనిపిస్తాయి. ఆ తెలుపూ ఆ నలుపూ పక్కపక్కన పడితే లోహం వస్తుంది.

బల్బు వెలుగులో గీస్తున్నప్పుడు, బల్బుకు వస్తువు దూరం రెట్టింపైతే దాని మీద పడే వెలుగు నాలుగో వంతుకు పడిపోతుందని గుర్తుంచుకోండి. ఎండకు ఈ బాధ లేదు. వీధి ఈ చివరా ఆ చివరా ఎండ ఒకటే. రాత్రి టిఫిన్ బండి బొమ్మలో దోసెపెనం దగ్గరి మనిషికీ, మూడడుగుల వెనక ప్లేటు పట్టుకుని నిలబడిన మనిషికీ ఒకే వెలుగు వేస్తే అది పగటి బొమ్మ అయిపోతుంది. బండి బల్బు నారింజ వెలుగూ ఆకాశపు నీలమూ సమఉజ్జీలుగా ఉండే వేళ, సూర్యాస్తమయం తరువాత ఇక్కడ ఇరవై నిమిషాలకు అటూఇటూ మాత్రమే. ఆ కాసేపట్లో రంగులు వేయడం అసాధ్యం. ఏది ఏ రంగో మాటల్లో కాగితం మీద రాసుకుని, రంగులు ఇంటి దగ్గర వేయాలి.

చివరి అడుగు: ముగించడం

మళ్ళీ పూల అంగడికి వస్తే, ఇప్పటికి గంటంబావు అయి ఉంటుంది. ముదురు రంగులు ఆఖరున వేయాలి: బల్ల కింద, బుట్ట నేలను తాకే గీత, ఆవిడ సిగ, అంగడి లోపలి చీకటి. అల్ట్రామెరైనూ బర్న్ట్ సియెనా చిక్కగా కలిపితే వచ్చే నలుపు, సీసాలోని నల్లరంగు కన్నా మెత్తగా కూర్చుంటుంది. దూరపు మనుషులకు ముఖాలు పెట్టాలన్న ఆశ పుడుతుంది, దాన్ని అణచుకోండి. కంటి మట్టం గీత వాళ్ళ ఛాతీ కిందుగా పోయిందో లేదో ఒక్కసారి సరిచూసుకుంటే చాలు. మూల వేసిన బాణం గుర్తు వైపు చూసి, ప్రతి నీడా దానికి అవతలి పక్కనే పడిందా అని వెతకండి.

ఎదురుగా చూస్తే అప్పటికి పట్టా కింది ఎండ పట్టీ బుట్టను వదిలి ఎప్పుడో వీధిలోకి జారిపోయి ఉంటుంది, బుట్టంతా నీలంలో మునిగి ఉంటుంది. కాగితం మీద మాత్రం బుట్ట అంచు మీరు మొదట గుర్తు వేసినప్పుడు ఎలా ఉందో అలాగే తెల్లగా ఉండాలి. దాన్ని సరిదిద్దబోకుండా కుంచె కడిగి, ఆవిడ దగ్గర ఒక మూర పూలు కొనుక్కుని లేవండి.